పెద్దమేస్త్రి గిటారు

వాద్యాలు బాగుచేసే ఆ వీధిలో చిన్నమేస్త్రిని ఎరగనివాడు లేడు. పేరుకే చిన్న. వయసు యాభై నాలుగు. నెత్తి మీద వెంట్రుకలకన్నా గోళ్ళ సందుల్లో రంగే ఎక్కువ. అన్న పెద్దమేస్త్రి కనక తమ్ముడు చిన్నమేస్త్రి అయ్యాడు. అన్న పోయి ఎనిమిది నెలలైనా జనం ఆ చిన్నరికాన్ని వదల్లేదు. అంతకు ముందు తొమ్మిదేళ్ళ పాటు అన్నదమ్ములకి మాటల్లేవు, అప్పుడూ వదల్లేదు. వీధికి ఆ చివర అన్న కొట్టు, ఈ చివర తమ్ముడి కొట్టు. మధ్యలో టీ బంకు దగ్గరికి ఒకరొస్తుంటే ఇంకొకరు గ్లాసులో సగం వదిలేసి లేచిపోయేవారు. ఎన్ని సగం గ్లాసుల టీ పారబోశాడో ఆ టీ బంకువాడినే అడగాలి.

గొడవేమైనా పెద్దదా అంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు. అప్పట్లో ఒకటే కొట్టు, ఒకటే బల్ల, దానికి అటొకరు ఇటొకరు. ఒక ముసలాయన తన పాత గిటారు తెచ్చాడు. నలభై ఏళ్ళు ముంజేయి ఆనించి వాయించిన చోట రంగంతా అరిగి కొయ్య బయటపడింది. చిన్నమేస్త్రి రెండు వారాలు కూర్చుని దాన్ని అద్దంలా చేసి పెట్టాడు. ముసలాయన దాన్ని ఒళ్ళోకి తీసుకుని, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తడుముకుని, "ఇది నాదేనా బాబూ?" అన్నాడు. అంతే, పెద్దమేస్త్రి ఒంటికాలి మీద లేచాడు. "స్నానం చేయించమంటే చర్మం వలిచేశావేంట్రా! నువ్వు మేస్త్రివి కాదు, అంట్లు తోముకునేవాడివి!" అన్నాడు, కొట్లో నలుగురు వింటుండగా. చిన్నమేస్త్రి ఆ మధ్యాహ్నమే తన పనిముట్లు మూటగట్టుకుని బయటికి నడిచాడు. ఒక మాటకి తొమ్మిదేళ్ళు! ఏం మనుషులో, ఏం పంతాలో.

ఆ తొమ్మిదేళ్ళు అలా ఉంచండి. చిన్నమేస్త్రి గుండెలో ముల్లులా వేరే ఇంకొకటి ఉంది, అది ఎవరికీ తెలియదు. ఎనిమిది నెలల కింద ఒక రోజు, పట్టపగలు, అతను స్ప్రే గన్ను చేత్తో పట్టుకుని రంగు వేస్తుండగా ఫోన్ మోగింది. బల్ల మీద తెర వెలిగి 'అన్నయ్య' అని చూపించింది. అన్నకి ఒంట్లో బాగాలేదనీ ఆస్పత్రిలో ఉన్నాడనీ వీధిలో అనుకోగా విన్నాడు. అయినా తీయలేదు. 'ఓహో, ఇప్పుడు గుర్తొచ్చానన్నమాట' అనుకున్నాడు. కాసేపటికి మళ్ళీ మోగింది. మోగనిచ్చాడు. 'మూడోసారి చేస్తే తీస్తాను' అనుకుని గన్ను కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోన్ పక్కనే కూర్చున్నాడు. మూడోసారి మోగలేదు. సాయంత్రానికి టీ బంకువాడు పరిగెత్తుకొచ్చి, పెద్దమేస్త్రి పోయాడని చెప్పాడు. అప్పుడు వదిన దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఫోన్‌లో ఛార్జింగ్ లేదు వదినా, నేను చూసుకోలేదు, చూసుంటే రానా?" అన్నాడు. ఆవిడ తలూపింది. అతను ఇంటికొచ్చి ఆ రెండు కాల్సూ ఫోన్‌లోంచి చెరిపేశాడు. నోటితో చెప్పిన అబద్ధం మాత్రం చెరిగే రకం కాదు.

ఆ వదినే ఒక మధ్యాహ్నం గిటారు పెట్టె మోసుకుంటూ అతని కొట్లోకి వచ్చింది.

"అయ్యో, మీరెందుకు మోశారు వదినా, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా," అంటూ ఎదురెళ్ళాడు.

"కబురు చేస్తే వచ్చేవాడివేనా?" అని నవ్వి, పెట్టె బల్ల మీద పెట్టి తెరిచింది.

అన్న గిటారు. నల్లటిది. అన్నకి ఇరవై రెండు, తమ్ముడికి పదహారు ఉన్నప్పుడు పాతసామాను కొట్లో దొరికింది. అప్పటికే అది వాళ్ళిద్దరికన్నా పెద్దది. ఇప్పుడు దాని నల్ల రంగు పెచ్చులు లేచి, వేలు తగిలితే చాలు రాలుతోంది.

"ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళంతా నల్లగా రాలుతోంది చిన్నా. కొంచెం రంగు చూసి పెడతావా?"

"ఒళ్ళో ఎందుకు పెట్టుకుంటున్నారు? నేర్చుకుంటున్నారా?"

"ఈ వయసులోనా! ఊరికే పెట్టుకుని కూర్చుంటాను. సాయంత్రం ఐదున్నరకి. మీ అన్నయ్య మాట్లాడతాడు," అంది, పాలవాడు వస్తాడు అన్నంత మామూలుగా.

చిన్నమేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. మొహం బాగానే ఉంది. జుట్టు దువ్వుకుంది, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"మాట్లాడటం అంటే?"

"మాట్లాడటం అంటే మాట్లాడటమే. ఆ స్పీకరు పెట్టెకి వైరు తగిలించి, చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే వస్తుంది. ముందు దగ్గు. తర్వాత ఒక మాట, రెండు మాటలు. తలుపు గడియ పెట్టావా అంటాడు. మాత్ర వేసుకున్నావా అంటాడు. బతికున్నప్పుడు మాత్రం ఇంతకన్నా ఏం మాట్లాడాడని?" ఆవిడ మళ్ళీ నవ్వబోయి ఆగింది. "నాకు మతి పోయిందని నువ్వనుకుంటావని తెలుసు. అనుకో, ఫర్వాలేదు. పగలంతా ఎలా గడుస్తోందో నాకే తెలుసు. ఆ అరగంట కోసమే గడుపుతున్నాను."

చిన్నమేస్త్రి అడక్కుండా ఉండలేకపోయాడు. "నా ఊసు... ఎప్పుడైనా వస్తుందా?"

"నీ ఊసు రాకుండా ఆయన ఎప్పుడున్నాడు?" అంది వదిన.

గిటారు అంచు పట్టుకుని ఆవిడ, "రంగు నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. లోపలి తీగలూ గీగలూ మాత్రం ముట్టుకోవద్దు. ఆ గొంతు పోయిందంటే ఇంక నాకేమీ లేదు. ఒట్టేసి చెప్పు," అంది.

"మీ మీద ఒట్టు వదినా. ముట్టుకోను," అన్నాడు చిన్నమేస్త్రి.

ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఆ పెట్టె ముందే నిలబడ్డాడు. దయ్యాల్ని నమ్మే మనిషి కాదతను. కొయ్య, ఇనుము, తీగ, జిగురు, ఇవే అతని లోకం. అయినా ఒక ఆలోచన పురుగులా తొలిచేసింది: అన్న నిజంగానే మాట్లాడుతుంటే, ఆ రెండు కాల్స్ సంగతి ఏదో ఒక సాయంత్రం వదినకి చెప్పడా? అసలు ఈపాటికే చెప్పేశాడా?

మర్నాడు పని మొదలుపెట్టాడు. పైన వాయించే తీగలు విప్పి, మెడని గిటారు శరీరానికి బిగించిన నాలుగు మరలూ తీసి, మెడ పైకి లేపాడు. వీధి మేస్త్రులందరిదీ ఒక పద్ధతి. మెడ కూర్చునే ఆ గుంటలో, ఎవరికీ కనబడని చోట, ఎవరు ఏ పని చేశారో పెన్సిల్‌తో రాస్తారు. వాయించేవాడు దాన్ని ఏనాడూ చూడడు. మళ్ళీ విప్పే మేస్త్రి కోసమే ఆ రాత. అందులో అబద్ధం రాసినవాడు లేడు, ఎందుకంటే చదివేవాడు కూడా పనివాడే.

గుంటలో అన్న దస్తూరీ ఉంది. మొదటి వరస: 'రంగు, చిన్నోడు. వాడి మొదటి పని.' దాని కింద ఏళ్ళ వారీగా చిన్న చిన్న అక్షరాలు. 'ఫ్రెట్లు మార్చాను. రంగు ముట్టుకోలేదు.' 'స్విచ్చి మార్చాను. రంగు ముట్టుకోలేదు.' అలా పదకొండు వరసలు. మాటల్లేని తొమ్మిదేళ్ళలోనివి కూడా మూడున్నాయి. వాటిలోనూ అదే ముక్క.

చిన్నమేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. ఈ నల్ల రంగు వేసింది తనే. గేట్లకి వేసే ఎనామిల్, గోడలకి వాడే కుంచె. రెండు కుంచె వెంట్రుకలు ఇప్పటికీ రంగులో ఇరుక్కుని ఉన్నాయి. ఒక చోట దోమ కూడా ఉంది, పాపం, కాళ్ళు చాపుకుని. వీధి మొత్తానికి పెద్దమేస్త్రి అనిపించుకున్న మనిషి, ఇంత దరిద్రపు రంగుని ముప్పై ఎనిమిదేళ్ళు ఒళ్ళో పెట్టుకుని వాయించాడు.

ఏడుపు రావాలి కదా, రాలేదు. సిగ్గు వచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. 'ఈ ఛండాలం నా చేతిదని ఎవరైనా చూస్తే!' అనుకుని హీట్ గన్ను తీశాడు. గుంటలో రాతకి మాత్రం టేపు అంటించి, శరీరాన్ని వేడి చేస్తూ నల్ల రంగుని బ్లేడుతో లేపడం మొదలెట్టాడు. పట్టీలు పట్టీలుగా చుట్టుకుని ఊడొచ్చింది. వెంట్రుకలూ దోమా కూడా వాటితోనే పోయాయి. కింద పాతకాలపు లేత ఆకుపచ్చ కనబడింది, పసుపు తిరిగి, అక్కడక్కడా పగిలి. ఇక కుడి ముంజేయి ఆనే చోట ఏ రంగూ లేదు. ఉత్త కొయ్య, చెమట తాగి తాగి గోధుమరంగుకి తిరిగింది.

ఆ చోట వేడి తగలగానే కొయ్యలోంచి వాసన వచ్చింది. చెమటా, తలనూనే, సోల్డరింగ్ పొగా కలిసిన వాసన. ఒకే బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషి వాసన. చిన్నమేస్త్రి హీట్ గన్ను ఆపి వెనక్కి తిరిగి చూశాడు. కొట్లో ఎవరూ లేరు. వీధిలో ఎండ ఫెళ్ళున కాస్తోంది, ఎదురు కొట్టువాడు ఎవరితోనో వయొలిన్ పెట్టె గురించి వాదిస్తున్నాడు. అతను కిటికీలు బార్లా తెరిచి, గరుకు కాగితం తీసుకుని, ఆ చోటునే ముందు రుద్దాడు. కొత్త కొయ్య తెల్లగా బయటపడేదాకా రుద్దాడు. వాసన పోయిందనుకున్నాక కూడా ఇంకాసేపు రుద్దాడు.

తర్వాత పని అంతా పద్ధతి ప్రకారమే నడిచింది. పగుళ్ళు పూడ్చాడు. పాత ఆకుపచ్చకి సరిపోయేలా కొత్త ఆకుపచ్చ కలిపాడు, ఏడుసార్లు నమూనా పలక మీద వేసి చూసుకుని. పలచగా ఒక పూత, ఒక రోజు ఆరబెట్టడం, మళ్ళీ పూత. పూత వేసిన శరీరాన్ని కొక్కేనికి వేలాడదీసి, మొహం గోడవైపుకి తిప్పి తలుపేసుకుని వెళ్ళేవాడు. పొద్దున వచ్చి చూస్తే అది అతని స్టూలు వైపు తిరిగి ఉండేది. కిటికీ గాలికి తిరిగిందని ఒకరోజు అనుకున్నాడు. రెండోరోజు కిటికీ మూసి వెళ్ళాడు. పొద్దునకి మళ్ళీ స్టూలు వైపే తిరిగి ఉంది. 'కొక్కెం తీగ మెలిపడి ఉంటుంది, అదే విప్పుకుంటోంది' అని తనకి తనే పైకి చెప్పుకున్నాడు. కొట్లో ఒక్కడే ఉండి పైకి మాట్లాడటం ఎప్పటినుంచి మొదలైందో అతనికే తెలియదు. స్టూలు మాత్రం రెండోవైపుకి జరుపుకున్నాడు.

మూడు వారాలు ఆరనిచ్చి, నీళ్ళు పెట్టి నున్నగా తోమి, బఫ్ పట్టి మెరుగు తెచ్చాడు. నిజం చెప్పాలంటే, ఆ వీధిలో అలాంటి పని ఇంకెవరూ చేయలేరు. లేతాకుపచ్చ మెరుపులో కొట్టు పైకప్పూ, కిటికీ, వంగి చూస్తున్న అతని మొహమూ స్పష్టంగా కనబడ్డాయి.

మెడని ప్రస్తుతానికి రెండు మరలతో నిలబెట్టి, తీగలు తగిలించి, పలుకుతోందో లేదో చూద్దామని కేబులు కొట్లో ఉన్న ఆంప్‌కి, అంటే స్పీకరు పెట్టెకి, పెట్టాడు. పొద్దున్న పదకొండు గంటల వేళ. స్విచ్చి వేశాడు. చిన్నగా గుయ్యిమంది. తీగ మీటడానికి చెయ్యి చాచాడు, ఇంకా ముట్టుకోలేదు.

ఆంప్ లోంచి దగ్గు వినిపించింది. పొట్టిగా రెండు దగ్గులు. మాట మొదలెట్టే ముందు పెద్దమేస్త్రి దగ్గే దగ్గు.

"ఒరేయ్," అంది ఆంప్.

చిన్నమేస్త్రి చెయ్యి దానంతట అదే వెళ్ళి స్విచ్చి ఆపేసింది.

స్టూలు మీద కూలబడ్డాడు. నీళ్ళు తాగాడు. కాసేపటికి మేస్త్రి బుద్ధి పనిచేసింది. లేచి స్విచ్చి వేసి, తీగల కింద ఉన్న పికప్ మీద స్క్రూడ్రైవరుతో తట్టాడు. ఆంప్‌లో టక్కుమంది. వంగి దానికి దగ్గరగా "హలో" అన్నాడు. ఆంప్ లోంచి తన "హలో" బొంగురుగా బయటికొచ్చింది. "ఓస్, ఇంతేనా!" అని నిట్టూర్చాడు.

అది ఆ పనివాళ్ళందరికీ తెలిసిన లోపమే. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టిన తునక. తీగ కదలికని పట్టి ఆంప్‌కి పంపడమే దాని పని. పాతబడ్డాక ఆ చుట్లు వదులవుతాయి. అప్పుడది తీగ చప్పుడే కాదు, గదిలో దగ్గినా తుమ్మినా పట్టేస్తుంది. దానికి మందు కూడా తేలికే. కరిగించిన మైనంలో కాసేపు ముంచితే మైనం చుట్ల మధ్యకి ఇంకి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత దాని మొహం మీద అరిచినా పలకదు. వదిన వినేది కూడా ఇదేనన్నమాట. ఆవిడ దగ్గే, ఆవిడ ఊపిరే, ఆవిడ తనలో తను గొణుక్కునే మాటలే.

అంతా సరిపోయింది, ఒక్కటి తప్ప. ఇందాక దగ్గింది తను కాదు.

మర్నాడు మళ్ళీ చూశాడు. చూడకుండా ఉండాల్సింది, కానీ పుండుని గోకకుండా ఉండగలమా? తలుపు మూశాడు. ఫ్యాను ఆపాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టి స్విచ్చి వేశాడు.

రెండు దగ్గులు. తర్వాత, పక్కనే బల్లకి అటువైపు కూర్చుని పిలిచినంత మామూలుగా: "ఒరేయ్ చిన్నోడా. ఒకసారి ఇటు—"

కేబులు లాగేశాడు. లాగిన విసురుకి ఆంప్ బల్ల మీంచి కింద పడబోతే మోకాలితో ఆపాడు. ఆ పిలిచిన గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. కోపంగా తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాడేమో. మామూలుగా పిలిచిన మనిషి తర్వాత ఏమంటాడు? 'ఫోన్ ఎందుకు తీయలేదురా' అనే కదా అంటాడు! ఈవేళ తనతో అన్నవాడు రేపు సాయంత్రం ఐదున్నరకి వదినతో అనడా? ఆవిడ రోజంతా కాచుక్కూర్చునేది ఆ అరగంట కోసమే. ఆ అరగంటలో ఆవిడకి తన మరిది నీచత్వం వినబడితే, ఇంక ఆ మొహం ఎలా చూడటం? ఆవిడ తప్ప తనవాళ్ళంటూ ఎవరు మిగిలారు?

'లోపం లోపమే,' అనుకున్నాడు. 'ఏ మేస్త్రి అయినా సరిచేస్తాడు. ఒంటరి ఆడమనిషి రోజూ చెక్కతో మాట్లాడుతూ కూర్చుంటే మంచిదా? ఆవిడ మంచికే.' చూశారా, మనిషి తన భయానికి ఎంత చక్కటి చొక్కా తొడుగుతాడో.

పికప్ విప్పాడు. దాని రెండు వైర్లూ సోల్డరింగ్ నుంచి వదిలించాడు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో చిన్న డబ్బా, డబ్బాలో మైనం. మంట నేరుగా తగిలితే పికప్ చెడుతుంది, అందుకని అంత జాగ్రత్త. మైనం కరిగి నీళ్ళలా తేటబడ్డాక పికప్‌ని ఆ వైర్లు పట్టుకుని అందులోకి దించాడు.

బుడగలు వచ్చాయి. చుట్ల మధ్య ఉన్న గాలి బయటికొస్తుంటే వచ్చేవే అవి, వందసార్లు చూశాడు. ముందు గబగబా వచ్చాయి. తర్వాత ఒకటి, ఆగి, ఇంకొకటి. చిన్నమేస్త్రి పక్కకి తిరగాలనుకున్నాడు, తిరగలేకపోయాడు. చాలాసేపు ఏమీ లేదు. అయిపోయిందనుకుంటుండగా అడుగునుంచి ఒక చిన్న బుడగ లేచి, పైకొచ్చి పగిలింది. ఇంక రాలేదు. అయినా పది నిమిషాలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు, చెయ్యి లాగేస్తున్నా.

తుడిచి, ఆరబెట్టి, బిగించాడు. మెడ గట్టిగా బిగించే ముందు దాన్ని మళ్ళీ లేపి, గుంటలో టేపు తీసి, పెన్సిల్ పట్టుకున్నాడు. 'రంగు పూర్తిగా తీసి కొత్తది వేశాను' అని రాశాడు. పెన్సిల్ ఇంకా కొయ్యకే ఆనించి ఉంది. మైనం సంగతి రాయలేదు. నాలుగు మరలూ బిగించేశాడు.

పని అయిందని కబురు చేసిన రోజునే వదిన వచ్చింది, మధ్యాహ్నం నాలుగింటికి. పెట్టె మూత తీయగానే నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అబ్బ! ఎంత బాగుందిరా చిన్నా! ఇంత అందంగా ఉండేదా ఇది?"

చిన్నమేస్త్రికి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. "మీకు నచ్చితే చాలు వదినా. ఇంటికి నేనే తెచ్చిపెడతాను, పదండి."

"ఉండు. ఇక్కడే ఒకసారి చూద్దాం."

"ఇక్కడ ఎందుకు? రోడ్డు చప్పుడు..."

"తలుపు వెయ్యి," అంది ఆవిడ.

వేశాడు. ఆవిడ అతని స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని, కేబులు తగిలించి, స్విచ్చి వేసింది. ఎర్రదీపం వెలిగింది. ఇదివరకటి గుయ్యిమన్న చప్పుడు కూడా లేదు. ఆవిడ కాస్త వంగి, సిగ్గుపడుతున్నట్టు నెమ్మదిగా, "ఏమండీ," అంది. "చిన్నోడి కొట్లో ఉన్నాం. ఎదురుగానే ఉన్నాడు."

ఏమీ రాలేదు. ఆవిడ ఎదురుచూసింది. బొత్తాం తిప్పి చప్పుడు పెంచింది. గోటితో పికప్ మీద తట్టింది. తన గోటి చప్పుడు గోటి దగ్గరే వినబడింది, ఆంప్‌లో వినబడలేదు.

"తీగ మీటి చూడండి వదినా. గంటలా పలుకుతుంది," అన్నాడు చిన్నమేస్త్రి.

"నిన్ను పాట ఎవరడిగారు?" ఆవిడ తలెత్తింది. "ఏం చేశావు?"

"పాతబడింది కదా... చిన్న లోపం ఉంటే సరిచేశాను. మైనంలో ముంచితే..."

"ముట్టుకోనని నా మీద ఒట్టేశావు."

"వదినా, అది అన్నయ్య గొంతు కాదు. గదిలో చప్పుళ్ళనే..."

"నీకు వినబడలేదా అయితే? నా కళ్ళలోకి చూసి చెప్పు. నిన్ను పిలవలేదూ?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఈసారి బయటికి రాలేదు. చిన్నమేస్త్రి బల్ల అంచు పట్టుకుని, తల దించుకుని, "పిలిచాడు," అన్నాడు. "రెండుసార్లు పిలిచాడు. భయమేసి ఆపేశాను. మీతో చెప్పేస్తాడని భయమేసింది. ఆ రోజు ఫోన్‌లో ఛార్జింగ్ ఉంది వదినా. మోగడం చూశాను. చూస్తూ కూర్చున్నాను."

ఆవిడ మొహంలో ఏ ఆశ్చర్యమూ కనబడలేదు.

"నాకు తెలుసు," అంది. "ఆయన చేతిలో బలం లేక, ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నది నేనే. ఛార్జింగ్ లేని ఫోన్ మోగుతుందిట్రా? రెండుసార్లూ మోగి మోగి ఆగింది. మూడోసారి చేస్తానంటే ఆయనే వద్దన్నాడు. 'రంగు వేస్తుంటాడు, చేతిలో గన్ను ఉంటుంది, మధ్యలో ఆపితే పూత చెడిపోతుంది. ముగించుకుని వాడే చేస్తాడులే' అన్నాడు."

చిన్నమేస్త్రి ఉత్త చేతుల్నే చొక్కాకి తుడుచుకున్నాడు.

"పోయాక కూడా అదే పాట. రోజూ సాయంత్రం తలుపు గడియ అయ్యాక, మాత్ర అయ్యాక, చివర్లో అదే మాట: 'వాణ్ణి ఒకసారి పిలువు.' ఉత్తినే పిలిస్తే నువ్వొస్తావా? వచ్చినా చెక్క ముందు కూర్చోమంటే కూర్చుంటావా? అందుకే రంగు వంక పెట్టుకుని నేనే మోసుకొచ్చాను. లోపలివి ముట్టుకోవద్దని అంతలా చెప్పింది నా కోసమే అనుకున్నావా?"

"ఏం చెప్పాలనుకున్నాడు వదినా? మీతో అనుండాలి కదా. ఏమన్నాడు?"

"అడిగాను. నాకు చెప్పలేదు. 'వాడితోనే చెప్తాను' అన్నాడు."

ఆవిడ గోటితో పికప్ అంచుని గీరి చూసింది. తర్వాత, "ఆ మైనం తీసేయడం కుదరదా?" అని అడిగింది, జవాబు తెలిసినట్టే.

"కుదరదు. చుట్టు చుట్టుకీ మధ్యకి పోయింది. తీయాలంటే ఆ తీగంతా తెగిపోతుంది."

అప్పుడు ఆవిడకి ఏడుపు వచ్చింది. కళ్ళజోడు తీసి, అరచేతులతో మొహం కప్పుకుని, ఎనిమిది నెలల ఏడుపూ ఏడ్చింది. "తొమ్మిదేళ్ళు మీ ఇద్దరి మధ్యా నలిగాను. అటు చెప్పలేక, ఇటు చెప్పలేక. పోనీ, ఆ అరగంట అయినా నాకు మిగిలిందనుకున్నాను. అదీ లేకుండా చేశావు కదరా! రేపు ఐదున్నరకి నేనేం చెయ్యను? చెప్పు, ఏం చెయ్యను?"

అతను దగ్గరికి వెళ్ళబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. లేచి, మొహం తుడుచుకుని, గిటారుని అతను కూర్చునే స్టూలు మీద ఆనించింది.

"పని చాలా బాగా చేశావు. వేలెత్తి చూపడానికి లేదు. నువ్వే ఉంచుకో," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఐదున్నర దాటి, వీధిలో కొట్లవాళ్ళు ఒక్కొక్కరే దీపాలు వేసుకుంటున్నారు. చిన్నమేస్త్రి తలుపు మూసి వచ్చి, స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. కుడిచెయ్యి ఎక్కడ ఆనించాలో తెలియక కాసేపు తడుముకున్నాడు. ఆంప్ చప్పుడు చివరిదాకా పెంచాడు. వంగి, పెదవులు తీగలకి తగిలేంత దగ్గరగా నోరు పెట్టి, "అన్నయ్యా," అన్నాడు. "తీశాను. చెప్పు. వింటున్నాను, చెప్పు."

కదలకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆంప్ లోంచి గాలి చప్పుడైనా రాలేదు. అంత శుభ్రంగా చేశాడు పని.